కారుకు సూపర్‌చార్జర్ సరే, ఇంటికి బీమా ఏది?

ప్రశ్న: నా వయసు 36. భీమవరం దగ్గర ఒక గ్రామంలో ఎనిమిది ఎకరాల చెరువులు లీజుకు తీసుకుని వెనామీ రొయ్యలు పెంచుతున్నాను. పొగ, మద్యం అలవాటు లేదు. భార్య ప్రైవేటు పాఠశాలలో టీచరు, జీతం 18 వేలు. ఇద్దరు పిల్లలు, అమ్మ మాతోనే ఉంటారు. అమ్మకు మధుమేహం. ఇంటి ఖర్చు నెలకు 55 వేలు. 2018లో కొన్న 1.5 లీటర్ల పెట్రోల్ సెడాన్ ఉంది. పిల్లల బడికి, అమ్మ ఆసుపత్రికి, చెరువుల దగ్గరికి ఏడాది పొడవునా అదే బండి. ఐదుగురం కూర్చుని ఏసీ వేస్తే 216 జాతీయ రహదారి మీద లారీని దాటాలన్నా లాగడం లేదు. హైదరాబాద్‌లో ఒక గ్యారేజీ వారు నాలుగున్నర లక్షలకు ఇంజిన్ శక్తి పెంచే సూపర్‌చార్జర్ బిగిస్తామన్నారు. 25 వేలు అడ్వాన్సు ఇచ్చాను. ఇంజిన్ సీసీ మారదు కాబట్టి ఆర్‌సీతో, బీమాతో ఇబ్బంది ఉండదని వారు చెబుతున్నారు. మిగతా డబ్బుకు ఇంట్లో ఉన్న 20 కాసుల బంగారం పంట రుణం కింద పెడదామనుకుంటున్నాను. వడ్డీ తక్కువ, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు) రాగానే తీర్చేస్తాను. మేత డీలరు దగ్గర 6 లక్షల అరువు ఉంది, బ్యాంకులో 80 వేలు ఉన్నాయి. కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, నీరు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా తీసుకున్నాను. ఐడీవీ (బీమాలో కారుకు కట్టిన విలువ) 4 లక్షల 80 వేలు. ఆరోగ్య బీమా నిరుడు పట్టుబడి ఆలస్యమై కట్టలేకపోయాను. టర్మ్ పాలసీ (నాకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా) లేదు. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. గ్యారేజీకి ఇంకొక్క రూపాయి కూడా పంపకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది సూపర్‌చార్జర్ కాదు. కారు బీమాకు ఇంజిన్ ప్రొటెక్షన్ వరకు జోడించుకున్న మనిషి ఆరోగ్య బీమాను వదిలేశారు, టర్మ్ పాలసీ తీసుకోనే లేదు. పైగా సరిగ్గా ఉన్న ఆ ఒక్క బీమాను కూడా నాలుగున్నర లక్షలు పోసి చేతులారా పాడుచేసుకోబోతున్నారు. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. బండికి ఏదైనా కొత్తగా బిగించేవారు దాని ధర అడుగుతారు, నెలకు ఎంత కట్టాలో అడుగుతారు. పాలసీ ఏమవుతుందని అడిగేవారు చాలా తక్కువ. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను.

గ్యారేజీ వారి మాటతోనే మొదలుపెడదాం. సీసీ మారదన్నది నిజమే. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సీసీ ఒక్కదాని గురించే మాట్లాడదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కచ్చితంగానే అన్వయించింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. విడిభాగాలు తర్వాత తెచ్చి బిగించడం కూడా అందులో ఉంది. మీ బండి ఆర్‌సీలో ఇంజిన్ శక్తి రాసి ఉందా లేదా అన్న వాదన వకీళ్లకు వదిలేయండి. మీకు అసలు గండం క్లెయిమ్ వేసిన రోజు వస్తుంది.

ఆ రోజు బీమా కంపెనీ పంపిన సర్వేయర్ బానెట్ ఎత్తుతాడు. కంపెనీ ఇవ్వని యంత్రం ఒకటి బెల్టు మీద తిరుగుతూ కనిపిస్తుంది. పాలసీ తీసుకునేటప్పుడు మీరు చెప్పిన బండి వేరు, అతని ముందున్న బండి వేరు. క్లెయిమ్ తిరస్కరించడానికి బీమా కంపెనీకి అంతకంటే గట్టి కారణం అవసరం లేదు. ముందే కంపెనీకి చెప్పి అదనపు ప్రీమియం కడతానని మీరు అనవచ్చు. సీఎన్‌జీ కిట్‌కు అలా కుదురుతుంది. ఆమోదం పొందిన కిట్ బిగించుకుని ఆర్‌సీలో నమోదు చేయిస్తే, కిట్ విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టం) కింద మరో 60 రూపాయలు తీసుకుని పాలసీలో చేర్చే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. దాన్ని చూసే చాలామంది దేనినైనా ఇలాగే రాయించుకోవచ్చనుకుంటారు. ఆర్‌సీలో నమోదు కాని మార్పును పాలసీలో చేర్చమని ఏ ఆధారంతో అడుగుతారు? నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. సూపర్‌చార్జర్ బిగించాక కూడా సొంత నష్టం క్లెయిమ్ చెల్లుతుందని మీ బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఏజెంటు ఫోనులో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

ఇంజిన్ పాడైతే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. సూపర్‌చార్జర్ గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. టర్బో (ఇలాగే గాలిని ఒత్తి పంపే మరో యంత్రం) లేకుండా తయారైన ఇంజిన్‌లో కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్లలో గాలి నొక్కుకునే మోతాదు) ముందే ఎక్కువగా ఉంటుంది. దాని మీద ఇంకా ఒత్తిడి పెంచితే పెట్రోలు సమయం కాకముందే మండి పిస్టన్లను కొడుతుంది. అందుకే ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, పెద్ద ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) మార్పు, చాలా సందర్భాల్లో గట్టి క్లచ్ కూడా కావాలి. ఇవన్నీ మీకు చెప్పిన నాలుగున్నర లక్షల్లోనే ఉన్నాయా? ఉత్తరంలో ఆ వివరం లేదు. ఆదివారం మాత్రమే బయటికి తీసే బండి అయితే ఒక లెక్క. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో ఐదుగురిని, ఏసీని మోస్తూ, బంకులో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో రోజూ తిరగాల్సిన బండి మీది. యంత్రం దానంతటదే చెడిపోతే ఆ నష్టం సాధారణ కారు పాలసీలోకి రాదు. సూపర్‌చార్జర్ వల్ల పిస్టన్ పగిలితే ఆ ఖర్చంతా మీదే.

ఇక నీళ్ల సంగతి. మీరు ఇంజిన్ ప్రొటెక్షన్ తీసుకున్నది అందుకే కదా, చాలా మంచి పని చేశారు. యనమదుర్రు డ్రెయిన్ పొంగితే భీమవరంలో ఎలా ఉంటుందో నేను మీకు చెప్పనక్కర్లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఎగురవేసేదే సుమారు 17 లక్షల దగ్గర. ఆ వారం కోనసీమ లంకల్లో జనం పడవల మీద తిరిగారు. డెల్టాలో కారు ఉన్నవారికి ఇంజిన్‌లోకి నీరు చేరే ప్రమాదం ఏటా ఉన్నదే. సూపర్‌చార్జర్ బిగించేటప్పుడు గాలి పీల్చే గొట్టాన్ని, ఫిల్టర్‌ను చల్లని గాలి కోసం బంపర్ దగ్గరికి, కిందికి దించడం మామూలు. నీరు లోపలికి వెళ్లే దారి అదే. ఆ దారిని కిందికి దించుకుని, ఆ నష్టాన్ని భరించే పాలసీని కూడా పోగొట్టుకుంటారా?

థర్డ్ పార్టీ సంగతి ఇంతకంటే భయంకరం. ప్రమాదంలో ఎవరైనా చనిపోతే పరిహారానికి పరిమితి లేదు. బాధితులకు కంపెనీ చెల్లించాల్సి వచ్చినా, పాలసీ షరతులు ఉల్లంఘించిన యజమాని నుంచి తిరిగి రాబట్టుకోవడానికి కోర్టులు అనుమతించిన తీర్పులు ఎన్నో ఉన్నాయి. అటువంటి వాదనకు మీరే అవకాశం ఇవ్వకండి. లారీని దాటడానికి శక్తి చాలడం లేదని రాశారు. శక్తి పెరిగితే ఎక్కువసార్లు దాటుతారు, ఎక్కువ వేగంతో దాటుతారు. బ్రేకులు, టైర్లు మాత్రం పాతవే. వెనక సీట్లో మీ పిల్లలుంటారు.

అప్పు గురించి నాకు కోపం వచ్చింది, దాచను. బంగారం మీద పంట రుణమంటే, ఆ డబ్బు సాగుకే వాడతానని సంతకం పెట్టి తీసుకునేది. దాన్ని కారులో పోయడం బ్యాంకుకు అబద్ధం చెప్పడమే. గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్లకు, ఇంటి శ్లాబుకు, బండ్లకు ఇలా వాడటం అలవాటైపోయింది. అందరూ చేస్తున్నారని అది సాగు ఖర్చు అయిపోదు. తనిఖీలో తేలితే వడ్డీ రాయితీ పోతుంది. తేలకపోయినా, రేపు చెరువుకు నిజంగా డబ్బు కావలసినప్పుడు పెట్టడానికి బంగారం ఉండదు. అయినా ఆ నగలు మీ భార్యవి. ఆమె ఏమన్నారో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

పట్టుబడి రాగానే తీర్చేస్తానంటున్నారు. నిరుడు పట్టుబడి ఆలస్యమైందనే కదా ఆరోగ్య బీమా ఆగిపోయింది! తెల్లమచ్చ తెగులు ఒక్క చెరువులో కనిపించినా కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రాకముందే పట్టేయాలి. రొయ్య బాగా పెరిగినా ధర మన చేతిలో లేదు. 2025 ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు గట్టు మీద ధర ఏమైందో మీకు తెలుసు. పట్టుబడి డబ్బు మీద మొదటి హక్కు మేత డీలరుది, తర్వాత లీజుది. ఆ రెండూ తీరాక మిగిలేదాన్ని నమ్ముకుని భార్య నగలు పెట్టడం నేను ఒప్పుకోలేను. 4 లక్షల 25 వేలకు 10 శాతం వడ్డీ వేసినా ఏడాదికి 42,500. ఒక పంట తప్పితే వడ్డీ మాత్రమే కట్టి తిరగరాయిస్తారు, రెండోది తప్పితే వేలం నోటీసు వస్తుంది.

ఇప్పుడు చేయాల్సిన పనులు. ముందుగా ఆరోగ్య బీమా. పాత పాలసీని పునరుద్ధరించే వీలు ఇంకా ఉందేమో ఈ వారంలోనే కంపెనీని అడగండి. గడువు దాటిపోయి ఉంటే, మధుమేహం వంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు. అది గరిష్ఠంగా 36 నెలలు. ఒక్క ప్రీమియం తప్పినందుకు మీ అమ్మగారి విషయంలో మూడేళ్లు పోయినట్లే, అందుకే నాకు ఇంత బాధ. అమ్మగారికి విడిగా ఒక పాలసీ, మీ నలుగురికీ కలిపి కనీసం 10 లక్షలకు మరొకటి తీసుకోండి. అమ్మగారి మధుమేహాన్ని దాచకుండా రాయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాల మీద జీఎస్టీ లేదు కాబట్టి ఖర్చు కూడా తగ్గింది.

ఆ వెంటనే మీ పేరు మీద కోటి రూపాయల టర్మ్ పాలసీ. మీకు ఏమైనా అయితే మేత డీలరు 6 లక్షలు అడగడానికి మీ ఇంటికే వస్తాడు. మీ భార్య 18 వేల జీతంతో ఆ అప్పు తీర్చి, ఇద్దరు పిల్లల్ని చదివించి, అమ్మగారికి మందులు కొనాలి. ఇది ఒక్కసారి ఆలోచించండి. పొగ తాగని, ఆరోగ్యంగా ఉన్న 36 ఏళ్ల వ్యక్తికి కోటి రూపాయల టర్మ్‌కు ఏడాది ప్రీమియం సాధారణంగా మీరు గ్యారేజీకి ఇచ్చిన 25 వేల కంటే తక్కువే ఉంటుంది. ప్రీమియం పట్టుబడితో ముడిపెట్టకండి. మీ భార్య జీతం ఖాతా నుంచి నెలనెలా కట్టేలా పెట్టుకోండి, మళ్లీ ఆగిపోదు.

రొయ్యకు కూడా బీమా ఉంది. ప్రధానమంత్రి మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజన కింద నాలుగు హెక్టార్ల లోపు చెరువులకు ఆక్వా బీమా ప్రీమియంలో 40 శాతం వరకు ప్రోత్సాహకం ఇస్తున్నారు. హెక్టారుకు 25 వేల పరిమితి. మీ ఎనిమిది ఎకరాలు మూడుంపావు హెక్టార్లు కూడా లేవు. లీజు పత్రం, చెరువు అనుమతి సక్రమంగా ఉన్నాయో చూసుకుని మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి.

అత్యవసర నిధి జీతగాళ్లకైతే ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీ ఆదాయం ఏడాదికి రెండుసార్లు వచ్చేది, అదీ రాకపోవచ్చు. మీకు పన్నెండు నెలలది కావాలి, అంటే 6 లక్షల 60 వేలు. ఇప్పుడున్నది 80 వేలు. వచ్చే ప్రతి పట్టుబడి నుంచి డీలరు బాకీ తగ్గిస్తూ, కొంత దీనికి పక్కన పెట్టండి. ఈ నిధిని చెరువు ఖర్చుకు వాడకూడదు.

కారు నిజంగానే లాగడం లేదంటే స్పార్క్ ప్లగ్‌లు, ఫిల్టర్, క్లచ్, కంప్రెషన్ ఒకసారి చూపించండి. ఎనిమిదేళ్ల కిందటి బండికి అది వేలల్లో అయ్యే పని. అప్పులన్నీ తీరాక ఇంకా శక్తి కావాలనిపిస్తే, కంపెనీయే టర్బోతో తయారు చేసిన వాడిన సెడాన్‌కు మారండి. దానికి బీమా చిక్కు ఉండదు.

గ్యారేజీకి ఇచ్చిన 25 వేలు తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. పూర్తిగా ఇవ్వకపోతే బ్రేకులు, టైర్ల పనికి సర్దమనండి. దానికీ ఒప్పుకోకపోతే వదులుకోండి. ఆ 25 వేలు వృథా కాకూడదని మిగతా 4 లక్షల 25 వేలు కట్టేవారిని చాలామందిని చూశాను.