మిజోరిలో టర్కీ వేట: మూడో సీజన్‌లో ఒక్క పుంజు, బోలెడన్ని తప్పులు

మీరు అడిగింది ఇది: ఆఫీసులో స్నేహితుడు ఏప్రిల్‌లో స్ప్రింగ్ టర్కీ కోళ్ళ వేటకు రమ్మంటున్నాడు, ఇంతవరకూ తుపాకీ ముట్టుకున్నది లేదు, వెళ్ళొచ్చా, వెళ్తే ముందే ఏం తెలిసుండాలి అని.

వెళ్ళండి. కాకపోతే తుపాకీ పేల్చడం ఇందులో చివరి రెండు సెకన్ల పని. మిగతాదంతా చీకట్లో లేచి, చెట్టుకు వీపు ఆనించి, ముక్కు మీద దోమ వాలినా కదలకుండా కూర్చోవడమే. నేను పుట్టింది తణుకు దగ్గర, ఉండేది అమెరికాలో, మిజోరి రాష్ట్రపు సెయింట్ లూయిస్ శివార్లలో. పక్కింటి పెద్దాయన, రిటైరైన మనిషి, నన్ను ఓజార్క్ కొండల వైపు తీసుకెళ్ళడం మొదలుపెట్టి మూడేళ్ళు. మొదటి రెండు సీజన్లూ ఉత్త చేతులతోనే ఇంటికొచ్చాను. మా నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "ఏరా పిట్టలదొరా, ఏమైనా పడిందా?" అనేవాడు. కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా చెడగొట్టుకున్నవాడి అనుభవం.

ముందు కాగితాల సంగతి. గ్రీన్ కార్డో, సిటిజన్‌షిప్పో ఉంటే ఇబ్బంది లేదు. హెచ్1బి లాంటి వీసా మీద ఉంటే మాత్రం జాగ్రత్త. ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటివాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. అంటే లైసెన్స్ చేతికి రాకముందు "ఓసారి పట్టుకుని ఫోటో దిగు" అని స్నేహితుడు ఎంత ముద్దుగా అడిగినా వద్దనండి. అనుమానముంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగండి. మిజోరిలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి, పెద్దవాళ్ళు ఆన్‌లైన్లో చెయ్యొచ్చు. సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు ఉంటుంది. మనిషికి మొత్తం రెండు పుంజులు, మొదటి వారంలో మాత్రం ఒకటే. మీది వేరే రాష్ట్రమైతే అక్కడి రూల్స్ వేరు, చూసుకోండి.

ఇక అసలు సంగతి. ఈ వేటంతా ప్రకృతికి ఎదురీదడం. టర్కీల్లో పుంజు ఉన్నచోటే ఉండి గాబుల్ గాబుల్ అని అరుస్తుంది, పెట్టలే దాని దగ్గరికి నడిచి వెళ్తాయి. మనం చెయ్యబోయేది పెట్టలా కూసి, ఆ పుంజునే మన దగ్గరికి రప్పించుకోవడం. ఎన్నడూ లేనిది పెళ్ళికూతురే "నువ్వే రా, నేను రాను" అని కబురంపిందనుకోండి, పెళ్ళికొడుకు బయల్దేరతాడు గానీ నాలుగడుగులకోసారి ఆగి అనుమానంగా చూస్తాడు. సరిగ్గా అలాగే ఉంటుంది. మన పల్లెల్లో కౌజు పిట్టల్ని పట్టేవాళ్ళు దీమం పిట్టను పెట్టేవాళ్ళు కదా, ఇక్కడ ఆ పని ప్లాస్టిక్ పెట్ట చేస్తుంది. కూత మనం కూయాలి.

మొదటి రోజు ఆ కూతే నన్ను ముంచింది.

మూడున్నరకు లేచి, గంటన్నర డ్రైవ్ చేసి, ఇంకా మసక చీకటి ఉండగానే ఓక్ చెట్టు కింద కూర్చున్నాం. పెద్దాయన గుడ్లగూబలా గొంతుతోనే ఒక కూత కూశాడు. వంద గజాల్లో, చెట్టు మీదనుంచి పుంజు ఉలిక్కిపడ్డట్టు గాబుల్ అంది. రాత్రిళ్ళు ఇవి చెట్ల మీదే పడుకుంటాయి, పెద్ద శబ్దం వినపడితే ఉండబట్టలేక బదులిస్తాయి. అంత దగ్గరగా వినడం నాకదే మొదలు. నా చేతిలో బాక్స్ కాల్ ఉంది. చెక్క డబ్బా, పైన మూత, మూతను అంచు మీద రాస్తే అచ్చం పెట్ట కూసినట్టు ఉంటుంది. రాశాను. పుంజు పలికింది. మళ్ళీ రాశాను, మళ్ళీ పలికింది. నాకు ఒళ్ళు పులకరించిపోయింది. పది నిమిషాల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. పెద్దాయన నా మణికట్టు మీద వేలు పెట్టి, "ఇక చాలు, నువ్వెక్కడున్నావో దానికి తెలిసింది" అన్నాడు. నేను ఒక్క నిమిషం ఆగి మళ్ళీ రాశాను.

అది అక్కడే, కొమ్మ మీదే, తెల్లగా తెల్లవారేదాకా అరుస్తూ కూర్చుంది. ఎందుకు దిగుతుంది? ఇంత ఆత్రంగా పిలుస్తున్న పెట్ట తనే వస్తుందిలే అనుకుంది. ఈలోగా నిజం పెట్టలు మూడు అటువైపునుంచి వచ్చాయి. పుంజు రెక్కలు దబదబా కొట్టుకుంటూ దిగి, వాటి వెంట గట్టు దాటిపోయింది. పెద్దాయన ఏమీ అనలేదు. ఫ్లాస్క్ తీసి కాఫీ పోశాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

రెండో వారం తప్పు ఇంతకంటే పెద్దది, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పెద్దాయనకు తెలిసినవాళ్ళ పొలం అంచున ఒక్కడినే కూర్చున్నాను. అవతల పచ్చికలో పుంజు పురి విప్పి తిరుగుతోంది. నెమలిలాగే, కాకపోతే తోక పొట్టిగా గుండ్రంగా, విసనకర్రలా ఉంటుంది. తల చూస్తుండగానే ఎరుపు, తెలుపు, నీలం మారుతోంది. నలభై గజాలుంటుందిలే అనుకుని కాల్చాను. పుంజు ఒక్కసారి ఎగిరి, దిగి, పరుగెత్తి అడవిలో పడింది. తర్వాత అడుగులేసి కొలిస్తే అరవై దాటింది. చెట్ల మధ్య కొలత అలవాటైన కన్ను ఖాళీ పొలంలో మోసపోతుంది. అక్కడ ఏదైనా దగ్గరగానే కనిపిస్తుంది.

గంటసేపు వెతికాను. రక్తం లేదు, ఒక్క ఈక లేదు. తగల్లేదన్నమాట. ఊపిరి పీల్చుకున్నాను. తగిలి ఎక్కడో పొదలో పడి చచ్చి ఉంటే? ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. షాట్‌గన్ తూటాలో పెల్లెట్లు దూరం వెళ్ళేకొద్దీ చెదురుతాయి. టర్కీని ఒంటి మీద కొట్టకూడదు, తలకీ మెడకీ తగలాలి. కాబట్టి సీజన్‌కి ముందే పెద్ద కాగితం మీద టర్కీ తల బొమ్మ గీసి, ఇరవై, ముప్పై, నలభై గజాల్లో కాల్చి, మీ తుపాకీ మీ తూటాతో ఎంత దూరం వరకు గట్టిగా కొడుతుందో చూసుకోవాలి. నేను ఆ పని వాయిదా వేస్తూ వచ్చాను. మర్నాడు చేశాను. నలభై దగ్గరే బొమ్మ తలలో పడినవి నాలుగంటే నాలుగు. నా హద్దు ముప్పై అని ఆ రోజు అర్థమైంది. ఇప్పుడు కూర్చోగానే ముప్పై గజాల దగ్గర ఒక చెట్టునో రాయినో గుర్తు పెట్టుకుంటాను. అది దాటి లోపలికొస్తేనే.

అదే వారం మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్‌లో ఇంకోటి జరిగింది. అది పబ్లిక్ ల్యాండ్, ఎవరైనా రావచ్చు, కాకపోతే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వేట ఆపెయ్యాలి. నేను పెట్ట కూత కూస్తుంటే ఎడమవైపు ఆకుల చప్పుడు. టర్కీ నడకా మనిషి నడకా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. గుండె గొంతులోకొచ్చింది. చూస్తే మోకాలు, బూటు. ఎవరో వేటగాడు నా కూత విని, నిజం పెట్టే అనుకుని, దాని వెనక పుంజు ఉంటుందని పొంచి పొంచి వస్తున్నాడు. ఇలాంటప్పుడు చెయ్యి ఊపకూడదు, టర్కీలా కూయకూడదు, లేవకూడదు. గట్టిగా మనిషి గొంతుతో అరవాలి. అరిచాను. కంగారులో నోట్లోంచి "ఓయ్, ఇక్కడ మనిషున్నాను!" అని తెలుగే వచ్చింది. అతను ఆగాడు, చెయ్యెత్తి సారీ చెప్పి వెళ్ళిపోయాడు. అందుకే కోర్సులో అంతగా చెప్తారు: ఎరుపు, తెలుపు, నీలం రంగు బట్ట ఒంటి మీద, సాక్సుతో సహా, ఏదీ కనపడకూడదు. అవి పుంజు తల రంగులు. గాబుల్ వినపడ్డ చోటికి పాక్కుంటూ వెళ్ళకూడదు. మీ భుజాలకంటే వెడల్పైన చెట్టుకే ఆనుకోవాలి. చంపిన పక్షిని మోసుకొచ్చేటప్పుడు నారింజ రంగు గుడ్డ చుట్టాలి.

మనవాళ్ళు ఎవరూ చెప్పని విషయం ఒకటి: గోమర్లు. ఏప్రిల్, మే నెలల్లో మిజోరి అడవుల్లో వీటికి కొదవలేదు. లోన్ స్టార్ టిక్ అని, ఆడదాని వీపు మీద తెల్ల చుక్క ఉంటుంది. అది కుడితే కొందరికి ఆల్ఫా గాల్ అనే ఎలర్జీ వస్తుంది. వచ్చిందా, మటన్, పోర్క్, బీఫ్ తిన్న కొన్ని గంటలకు దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ప్రాణం మీదికి. అంటే మటన్ బిర్యానీకి చెల్లుచీటీ అన్నమాట. కోడి, చేపకు ఇబ్బంది లేదనుకోండి, అయినా నాకు ఎలుగుబంటి కంటే దీని టెన్షనే ఎక్కువ. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, బట్టలకూ బూట్లకూ పెర్మెత్రిన్ అనే పురుగుమందు ముందురోజే కొట్టి ఆరబెట్టండి (ఒంటికి పూసుకునేది కాదు), ఇంటికి రాగానే స్నానం చేసి చంకలూ మోకాళ్ళ వెనకా చూసుకోండి.

మూడో వారం శనివారం. తెల్లవారుజామున ఒక్క అరుపూ లేదు. ఎనిమిదిన్నరకు ఏడాది వయసు పుంజులు రెండు వచ్చాయి. ఇక్కడ వీటిని జేక్‌లంటారు. రొమ్ము మీద గడ్డం వేలెడే ఉంటుంది, పురి విప్పితే మధ్య ఈకలు పొడుగ్గా, పక్కవి పొట్టిగా ఉంటాయి. పాతిక గజాల్లో నిలబడి ప్లాస్టిక్ పెట్టను పొడిచాయి. కాల్చొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. వదిలేశాను. పెద్దాయన చిన్నప్పుడు ఈ కొండల్లో టర్కీ అన్నదే కనపడేది కాదట. 1950ల మొదట్లో మిజోరి మొత్తానికి 2,500 కూడా లేవు. అడవి పక్షుల్ని వల వేసి పట్టి ఒక్కో కౌంటీలో వదులుతూ పోయారు. 1960లో మళ్ళీ మొదటిసారి వేటకు తెరిచారు, అదీ మూడు రోజులు. 2004కల్లా ఒక్క స్ప్రింగ్ సీజన్లోనే 60 వేలకు పైగా పుంజులు వేటలో దొరికాయి. ఆ తర్వాత మళ్ళీ తగ్గాయి, పిల్లలు సరిగ్గా బతకడం లేదంటారు. మనం కొనే తుపాకీ మీదా తూటాల మీదా 1937 నుంచీ ఉన్న ఒక చట్టం కింద పన్ను పడుతుంది, పొడుగు తుపాకులకూ తూటాలకూ 11 శాతం, ఆ డబ్బు ఈ పనులకే పోతుంది. ఇదంతా విన్నాక పిల్ల పుంజును కొట్టబుద్ధి కాలేదు. కొట్టినవాళ్ళను తప్పుపట్టను.

పదింటికి బాక్స్ కాల్ మూడంటే మూడుసార్లు రాసి, దాన్ని సంచిలో పెట్టి జిప్ వేసేశాను. కావాలనే. చేతిలో ఉంటే ఊరుకోలేనని తెలుసు. అప్పటికి చాలా పెట్టలు గుడ్ల మీద కూర్చుని ఉంటాయి, పుంజులు పొద్దెక్కాక ఒంటరిగా తిరుగుతాయి. అరగంట ఏమీ లేదు. కాలు తిమ్మిరెక్కింది. నలభై నిమిషాలకు కుడివైపు ఏదో గొణుగుడులాంటిది, చెవికంటే ముందు రొమ్ములో వినపడింది. దూరంగా ఎవరో లారీ ఇంజిన్ ఆన్ చేసి వదిలేసినట్టు. పుంజు పురి విప్పినప్పుడు చేసే చప్పుడది. ఒక్క గాబుల్ కూడా లేకుండా వచ్చేసింది. డాగ్‌వుడ్ తెల్లపూల వెనకనుంచి నీలం తల బయటికొచ్చింది. అది లావుపాటి ఓక్ మాను వెనక్కి వెళ్ళినప్పుడే తుపాకీ జరిపాను, ఎందుకంటే దాని కన్ను రెప్పపాటును కూడా పసిగడుతుంది. ఇరవై నాలుగు గజాలు. మెడ చాచింది.

తర్వాత చాలాసేపు లేవలేకపోయాను. దగ్గరికెళ్ళి చూస్తే ఈకలు నల్లవి కావు. ఎండలో రాగి, ఆకుపచ్చ, ఊదా. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. తొమ్మిదిన్నర కిలోలు తూగింది. పుంజును కొట్టినట్టు పర్మిట్ (వేట లైసెన్స్) మీద వెంటనే గుర్తు వెయ్యాలి, ఆ రాత్రి పదిలోపు టెలిచెక్ అనే రాష్ట్ర వ్యవస్థలో నమోదు చెయ్యాలి, మర్చిపోకండి.

నాన్నకు ఫోటో పంపిస్తే, సంక్రాంతి బరుల దగ్గర పెరిగిన మనిషి కదా, కాలి ముల్లు చూసి మురిసిపోయాడు. "డేగా, కాకా?" అని అడిగాడు. ఆ తర్వాత "ముక్కు మీద ఆ తొండమేంట్రా?" అన్నాడు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇలాంటి వేట ఊహకే రాదు కాబట్టి, జైల్లో పెట్టరు కదా అని అమ్మ పక్కనుంచి రెండుసార్లు అడిగింది.

వంట గురించి కూడా ఒక మాట. రొమ్ము మాంసం సన్నగా కోసి మిరియాల వేపుడు చేస్తే ఎక్కువసేపు ఉడికించకండి, పీచైపోతుంది. కాళ్ళు నాటుకోడి పులుసులా పెట్టాం. ఎనిమిది విజిల్స్ వచ్చినా నరాలు పుల్లల్లా మిగిలాయి, ఏరి పారెయ్యాల్సిందే. కానీ ఆ పులుసు మర్నాడు దోసెల్లోకి అదిరింది.

మీ స్నేహితుడు మొదటి రోజే బాక్స్ కాల్ మీ చేతికిచ్చి "ట్రై చెయ్" అంటాడు. ఆ రోజుకి ఆయన దగ్గరే ఉండనివ్వండి.