డాక్టర్ సలహా: అమ్మ మోకాళ్ల మార్పిడికి బీమా డబ్బులు వస్తాయా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా పూతలపట్టు. అమ్మకు 66 ఏళ్లు, షుగర్ ఉంది. నాలుగేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పి. తిరుపతిలో చూపిస్తే రెండూ మార్చాలన్నారు. కాలికి 2.2 లక్షలు, గదికి రోజుకు 6,000 అవుతుందట. 28 నెలల కిందట అమ్మ పేరిట 5 లక్షల ఆరోగ్య సంజీవని పాలసీ తీసుకున్నాం. అంతా కవర్ అవుతుందని ఏజెంట్ అంటున్నాడు. వచ్చే నెల చేయించవచ్చా?

సమాధానం: వచ్చే నెల చేయిస్తే ఖర్చంతా మీరే పెట్టుకోవాల్సి వస్తుంది. అరుగుదల వల్ల చేసే కీళ్ల మార్పిడికి ఈ పాలసీలో విడిగా వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, ఉంది. 2024 ఏప్రిల్ నుంచి అలాంటి గడువు 36 నెలలు దాటకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. మీ పాత కాగితంలో 48 అని ఉంటే తాజా రెన్యువల్ కాగితం తీసి చూడండి. అంటే అమ్మకు ఇంకా 8 నెలలు మిగిలాయి.

అన్నాళ్లు ఆగవచ్చా? చాలామందికి ఆగవచ్చు. ఇది అత్యవసర ఆపరేషన్ కాదు. కానీ కాలు రోజురోజుకూ దొడ్డికాలుగా వంగిపోతున్నా, నడుస్తూ పడిపోతున్నా ఆగకండి. ఎముక ఒక పక్క బాగా అరిగిపోతే అదనపు భాగాలు వేయాల్సి వస్తుంది, ఖర్చూ పెరుగుతుంది. అందుకే 4 నెలలకోసారి నిలబెట్టి తీసిన ఎక్స్‌రేతో డాక్టర్‌కు చూపించండి. ఈలోగా మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, కాలు చాపి, 5 సెకన్లు కిందికి నొక్కి వదలాలి. పూటకు 10 సార్లు, రోజుకు 3 పూటలు. నేల మీద కూర్చోవడం, మెట్లు దిగడం మానేయాలి. అలిపిరి మెట్ల మొక్కు ఉంటే ఈసారికి బస్సులోనే కొండెక్కించండి. షుగర్ ఉంది కాబట్టి సొంతంగా నొప్పి మాత్రలు వాడితే కిడ్నీలకు ముప్పు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే 3 నెలల దాకా ఆపరేషన్ చేయరు, ఇన్‌ఫెక్షన్ భయం వల్ల. తేదీ అనుకున్నాక ఆ ఇంజెక్షన్ జోలికి వెళ్లకండి.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీ ఉత్తరంలోని ఇంకో మాట. నొప్పి నాలుగేళ్లది, పాలసీ 28 నెలలది. పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారంలో మోకాళ్ల నొప్పి, షుగర్ రాశారా? ఏజెంట్ పూర్తి చేసి ఉంటే ఆ కాపీ తెప్పించుకుని చదవండి. రాయకపోయి ఉంటే ఇప్పుడే కంపెనీకి లిఖితపూర్వకంగా తెలపండి. ప్రీమియం పెరగవచ్చు, షరతులు పెట్టవచ్చు, పాలసీ రద్దు చేసే అధికారమూ వాళ్లకు ఉండవచ్చు. అయినా క్లెయిమ్ రోజున బయటపడితే నష్టం ఇంకా పెద్దది. వరుసగా 60 నెలలు నిండేదాకా, దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించవచ్చు. కేసు షీటులో 'నొప్పి ఏడాది నుంచే' అని రాయమని డాక్టర్‌ను మాత్రం అడగకండి. పాత మందుల చీటీలు దాన్ని తప్పని చూపిస్తాయి.

రెన్యువల్ ఒక్కరోజు కూడా మరచిపోకండి. పాలసీ తెగిపోతే ఇన్ని నెలల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇప్పుడు బీమా మొత్తాన్ని 10 లక్షలకు పెంచినా, పెంచిన 5 లక్షలకు గడువు కొత్తగా మొదలవుతుంది.

ఇక గది. ఈ పాలసీలో గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, కానీ రోజుకు 5,000 మించదు. 6,000 గది తీసుకుంటే ఆ వెయ్యితో పోదు. సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. అవి 1,20,000 అయితే లక్షే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ కీలు), పరీక్షలను అలా కోయకూడదు. ఆపై క్లెయిమ్‌లో 5 శాతం కో-పే, అంటే మీ వాటా, మీరే కట్టాలి. కాబట్టి 5,000 లోపు గదే అడగండి. రోబో సాయంతో ఆపరేషన్ చేస్తామంటే దానికి విడిగా పరిమితి ఉంటుంది, ముందే అడగండి.

అంచనా కాగితం పద్దుల వారీగా రాయించుకోండి. 2017 ఆగస్టులో కేంద్ర మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ కోబాల్ట్ క్రోమియం మోకాలి సెట్‌కు 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం, అని గరిష్ఠ ధర పెట్టింది. అందులో మోకాలి చిప్ప భాగం 4,090. చిప్ప మార్చకపోతే ఆ పద్దు బిల్లులో ఉండకూడదు. తర్వాత ధరలు సవరించారు కాబట్టి తాజా పట్టిక చూసుకోండి. ఇంప్లాంట్ బ్రాండు, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా ఉండాలి. డబ్బా మీది స్టిక్కర్లు దాచిపెట్టండి, క్లెయిమ్‌కు అడుగుతారు.

చేరడానికి కనీసం 48 గంటల ముందు ఆసుపత్రిలోని టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) డెస్క్‌లో ముందస్తు అనుమతి ఫారం ఇవ్వండి. ఎక్స్‌రే, ఇంతదాకా వాడిన మందులు, ఫిజియోథెరపీ కాగితాలు జత చేస్తే ఎదురు ప్రశ్నలు తగ్గుతాయి. చేరే ముందు 30 రోజుల్లో చేయించిన పరీక్షల బిల్లులు వస్తాయి. షుగర్ అదుపులో లేకో, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండో ఆపరేషన్ వాయిదా పడితే ఆ 30 రోజులు దాటిపోతాయి. అందుకే షుగర్‌ను ఇప్పుడే దారికి తెచ్చుకోండి. వాకర్, మోకాలి పట్టీ, గ్లౌజుల ఖర్చు మీదే.

రెండు కాళ్లూ ఒకేసారా అన్నది గుండె, షుగర్ చూసి మత్తు డాక్టర్ చెప్పాలి, పాలసీ కాదు.

8 నెలలు ఆగలేని పరిస్థితి వస్తే తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రిలో, స్విమ్స్‌లో ఏది ఉచితం, దేనికి కట్టాలో అడిగి తెలుసుకోండి. రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఈ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో చేస్తారో 104కు ఫోన్ చేసి అడగండి.