కల మగవాడిది, నగరం ఆడవాళ్లది

ప్రశ్న: అమీర్‌పేటలో ఒక ఫిల్మ్ సొసైటీ వారు ఈమధ్య ఇటలీ దర్శకుడు ఫెడెరికో ఫెల్లీనీ తీసిన ‘సిటీ ఆఫ్ విమెన్’ ప్రదర్శిస్తే మావారితో కలిసి వెళ్లి చూశాను. తరువాత జరిగిన చర్చలో కొందరు ఇది మగవాళ్ల బుద్ధిని ఎండగట్టిన చిత్రమన్నారు. మరికొందరు స్త్రీవాదులను వెక్కిరించడానికే తీశారన్నారు. మావారైతే అసలు కథే లేదని తేల్చేశారు. నాకు కొన్నిచోట్ల నవ్వు వచ్చింది, కొన్నిచోట్ల అవమానంగా అనిపించింది. ఈ చిత్రాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయికి చూపించవచ్చా?
— ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్

జవాబు: మీకు కలిగిన నవ్వుకూ అవమానానికీ రెండింటికీ ఈ చిత్రంలో ఆధారం ఉంది. 1980లో వచ్చిన ఈ చిత్రంలో స్నాపొరాజ్ అనే నడివయసు మనిషి (నటుడు మార్చెల్లో మాస్త్రొయాన్ని) రైలులో ఎదురుగా కూర్చున్న స్త్రీ వెంటపడి దారి మధ్యలో దిగిపోయి, స్త్రీవాదుల మహాసభ జరుగుతున్న ఒక హోటలులో చిక్కుకుంటాడు. అనేక విడ్డూరాలు చూసి, చివరకు అదే రైలులో భార్య ఎదుట మేలుకుంటాడు. అంటే మనం చూసిందంతా అతని కల. తెరమీద కనిపించే స్త్రీలందరూ అతని కోరికలూ భయాలూ వేసుకున్న వేషాలేనని గుర్తుపెట్టుకుంటే, మీవారికి కథ కనిపించని చోట ఒక మగవాడి మనసు కనిపిస్తుంది.

నా దృష్టిలో ఈ చిత్రానికి గుండెకాయ కాట్జోనె అనే సంపన్నుడి ఇల్లు. అతడు తాను లొంగదీసుకున్న స్త్రీల సంఖ్య పదివేలకు చేరిందని 10,000 కొవ్వొత్తులతో వేడుక చేసుకుంటాడు. ఆ ఇంట్లో ఒక పొడవాటి నడవా గోడల నిండా ఆ స్త్రీల ఛాయాచిత్రాలుంటాయి. మీట నొక్కితే బొమ్మ వెనుక దీపం వెలిగి ఆమె గొంతు వినిపిస్తుంది. స్నాపొరాజ్ పట్టరాని ఉత్సాహంతో మీట తరువాత మీట నొక్కుతూ పోతాడు. ఆమె ఎవరు, ఎక్కడినుంచి వచ్చింది, తరువాత ఏమైంది అన్నది ఆ గోడకు అక్కరలేదు. నొక్కినప్పుడు పలికితే చాలు. మగవాడి చూపు గురించి ఇంత సూటిగా చెప్పిన దృశ్యాలు నేను చాలా తక్కువ చూశాను. మన ఇళ్లలో అటువంటి నడవాలు ఉండవు గానీ, భార్య ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు ఆపాలో నిర్ణయించే మీట తమ చేతిలోనే ఉందనుకునే మగవాళ్లు మనకు కొత్తవారు కారు. వారిలో ఒక్కరూ తమను కాట్జోనెతో పోల్చుకోరు, అందుకే ఆ దృశ్యానికి హాయిగా నవ్వగలరు.

మహాసభ నుంచి తప్పించుకోబోయిన స్నాపొరాజ్‌కు వ్యాయామశాలలో బలవంతంగా చక్రాల బూట్లు తొడిగించి, స్త్రీలు చుట్టూ తిరుగుతూ దూషించే దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. కాలు నిలదొక్కుకోలేక, దారి దొరకక, ఏ మాట ఎటునుంచి వస్తుందో తెలియక అతడు బెదిరిపోతాడు. రద్దీ బస్సులోనో, చీకటిపడ్డాక కోఠి బస్టాపులోనో ఈ బెదురును అనుభవించని స్త్రీ హైదరాబాదులో అరుదు. 2014లో నగర పోలీసులు షీ టీమ్స్ ఏర్పాటు చేయవలసి వచ్చింది కూడా ఇందుకే. మగవాడికి పీడకలలో మాత్రమే ఎదురైన స్థితి స్త్రీకి ఇంటికి చేరే దారిలో ఎదురవుతుందని ఆ దృశ్యం నాకు తోపించింది.

ఇక మీ అవమానం సంగతి. ‘అది కల కదా’ అన్న సమాధానంతో దర్శకుణ్ణి పూర్తిగా విడిచిపెట్టడానికి నేను ఒప్పుకోను. ఇటలీలో 1970లో విడాకుల చట్టం వచ్చింది, దానిని రద్దు చేయాలన్న ప్రతిపాదనను 1974లో ప్రజలు ఓటుతో తిరస్కరించారు, 1978లో గర్భస్రావం చట్టబద్ధమైంది. అయినా పరువు పేరిట భార్యనో కూతురినో సోదరినో చంపిన మగవాడికి శిక్ష తగ్గించే నిబంధన 1981 దాకా, అంటే ఈ చిత్రం విడుదలైన తరువాత కూడా, వారి శిక్షాస్మృతిలో కొనసాగింది. అటువంటి చట్టాలతో తలపడుతున్న స్త్రీలు ఈ చిత్రంలో కేకలు వేసే గుంపుగా మాత్రమే కనిపిస్తారు. వారి కోపానికి కారణం ఒక్క మాటలోనైనా మన మనసుకు పట్టదు. పోలీసుల చేతిలో అత్యాచారానికి గురైన రమీజాబీ ఉదంతంతో మన నగరం అట్టుడికిన 1978లోనే ఇక్కడ స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీవాద సంస్థ ఏర్పడింది. ఆనాటి స్త్రీలను బెదిరిన ఒక భర్త కలలో నుంచి మాత్రమే చూపించి ఉంటే మనకు ఎంత అన్యాయంగా తోచేదో, అక్కడి స్త్రీలకూ అంతే అన్యాయంగా తోచి ఉంటుంది. ఇది మగవాడి గురించి నిజాయితీగా ఇచ్చిన వాంగ్మూలం. స్త్రీల గురించి చెప్పిన సాక్ష్యంగా మాత్రం చెల్లదు.

ఆ నిజాయితీ ముగింపులో మరింత స్పష్టమవుతుంది. దొనతెల్లా అనే యువతి ఆకారంలో ఉన్న పెద్ద బెలూన్ ఎక్కి స్నాపొరాజ్ ఆకాశానికి ఎగిరితే, ఆ దొనతెల్లాయే కిందనుంచి తుపాకీతో దానిని పేల్చివేస్తుంది. అతడు ఊహించుకున్న బొమ్మను, బొమ్మకు మూలమైన మనిషే కూల్చింది. రైలులో కళ్లు తెరిచాక కలలోని స్త్రీలే ఒక్కొక్కరుగా పెట్టెలోకి వస్తుంటే అతడు మళ్లీ నిద్రకే మొగ్గుతాడు. హీరోకు జ్ఞానోదయమైందని బుకాయించనందుకు దర్శకుణ్ణి నేను గౌరవిస్తాను.

మీ అబ్బాయికి తప్పక చూపించండి. ఇది పెద్దలు చూడవలసిన చిత్రం, అతనికి ఆ వయసు వచ్చింది. వీలైతే ముందుగా ఇదే దర్శకుడు ఇదే నటుడితో 1963లో తీసిన ‘ఎనిమిదిన్నర’ చూడమనండి. అందులో నాయకుడు తన జీవితంలోని స్త్రీలందరినీ ఒకే ఇంట్లో ఉంచి కొరడాతో అదుపు చేస్తున్నట్లు ఊహించుకుంటాడు. ఆ ఊహ పదిహేడేళ్ల తరువాత ఎలా బెదురుగా మారిందో అప్పుడు బాగా తెలుస్తుంది. మీరు ముగ్గురూ కలిసి చూస్తే, స్నాపొరాజ్ భార్య ఎలెనా కాట్జోనె ఇంటికి తాగి వచ్చి భర్తతో గొడవపడే ఘట్టాన్ని రెండోసారి వేయండి. ఆమె ఆరోపణలలో మీకు న్యాయంగా తోచినవి ఏవో, మీవారికి తోచినవి ఏవో, అబ్బాయి ఎదుటే చెప్పుకోండి.