టవర్ లేకపోతేనేం, సెల్లు నుంచి సెల్లుకే!

ఈసారి ఒడిశా సరిహద్దు నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒకే గొడవ. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడి నుంచి రాసినా అడిగేది ఒకటే: నెట్టు సరిగా రాదు, చేతిలో నాలుగు ఫోన్లున్నాయి, వాటినే కలుపుకుని పని కానిచ్చుకునేదెలా? కాబట్టి ఈ వారం వేరే ప్రశ్నలు పక్కన పెట్టేశాం.

ప్రశ్న: నేను పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెబుతాను. మా వైపు తెలుగు పుస్తకాలు దొరకడం కష్టం కాబట్టి పాఠాలు నేనే వీడియోలు తీసి, నోట్సు పీడీఎఫ్ చేసి పెట్టాను, మొత్తం 700 ఎంబీ దాకా అయింది. పాతికమంది పిల్లలు, తలో కంపెనీ ఫోను, సగం మందికి రీఛార్జి ఉండదు. ఇదివరకు షేరిట్‌తో ఇచ్చేవాణ్ని, అది పోయింది. బ్లూటూత్‌తో పంపితే ఒక్కడికే గంట పడుతోంది. అందరికీ ఒకేసారి ఇచ్చే దారి ఉందా?
*— ఒక మాస్టారు, పర్లాకిమిడి*

ఉంది మాస్టారూ, పైసా డేటా ఖర్చు లేకుండా ఉంది. షేరిట్, జెండర్ లాంటివి 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో పోయాయి, ఎవరో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కించే యాప్ ఫైలు) ఇస్తే మళ్ళీ ఎక్కించుకోకండి. అసలు వాటిలో ఉన్న మంత్రం కూడా పెద్దదేం కాదు. ఒక ఫోను హాట్‌స్పాట్ అవుతుంది, రెండోది దానికి తగులుకుంటుంది, ఫైలు వైఫై మీద వెళ్తుంది, అంతే. ఆ పని మనమే చేసుకోవచ్చు.

ముందు బ్లూటూత్ సంగతి తేల్చేద్దాం. మన ఫోన్లలో ఫైళ్ళు పంపే బ్లూటూత్ బాగా నడిచిన రోజున కూడా సెకనుకి 2 మెగాబిట్లు దాటి లాగడం కష్టం. 700 ఎంబీ అంటే, ఎంబీకి ఎనిమిది చొప్పున, 5,600 మెగాబిట్లు, లెక్క వేసుకోండి, 47 నిమిషాలు. అదే సాదా వైఫై సెకనుకి 30 మెగాబిట్లు ఇచ్చినా మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఫైలు పెద్దదైతే బ్లూటూత్ మాటే ఎత్తకూడదు.

ఇప్పుడు పని. మీ ఫోనులో లోకల్‌సెండ్ అనే ఉచిత యాప్ ఎక్కించుకోండి (దీనికి మాత్రం ఒక్కసారి నెట్టు కావాలి). మొబైల్ డేటా ఆపేసి హాట్‌స్పాట్ ఆన్ చేయండి. డేటా ఆపడం మరిచిపోతే మాత్రం కలిసిన పిల్లల ఫోన్లన్నీ మీ ప్యాక్ మీద పడి అప్‌డేట్లు దించుకుంటాయి, సాయంత్రానికి మీ చేతికి ‘డేటా అయిపోయింది’ అన్న మెసేజి వస్తుంది. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి, 5 పెడితే వేగం బాగుంటుంది గానీ పాత ఫోన్లకి మీ హాట్‌స్పాట్ పేరే కనిపించదు. తర్వాత లోకల్‌సెండ్‌లో ఫైళ్ళు ఎంచుకుని, పంపే పద్ధతుల్లో లింకు ద్వారా పంచడం అనేది నొక్కితే అంకెలతో ఒక అడ్రసు వస్తుంది. దాన్ని బోర్డు మీద రాసేయండి. పిల్లలు ఏ యాప్ ఎక్కించుకోనక్కర్లేదు, మీ హాట్‌స్పాట్‌కి కలిసి, బ్రౌజర్‌లో ఆ అడ్రసు ఉన్నది ఉన్నట్టు, మొదట్లో హెచ్‌టీటీపీతో సహా కొడితే చాలు. ఎవరు తెరిచినా ‘ఇవ్వమంటారా’ అని మీ ఫోను అడుగుతుంది, మీరు సరే అనాలి.

నూటికి తొంభైమంది చేతులెత్తేసేది ఇక్కడ కాదు, దీని తర్వాత. పిల్లాడు కనెక్ట్ అవుతాడు, రెండు సెకన్లలో ఫోను తెర మీద ఒక కబురు వస్తుంది, ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, కనెక్షన్ ఇలాగే ఉంచమంటారా అని. కంగారుగా ‘వద్దు’ నొక్కేస్తాడు. లేదా ఏమీ నొక్కడు, ఫోను తనంతట తనే తెలివి ఉపయోగించి మొబైల్ డేటాకి మారిపోతుంది, పైన వైఫై గుర్తు అలాగే కనబడుతూ ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. తప్పు మీ యాప్‌ది కాదు. పిల్లలందరి చేతా ముందే మొబైల్ డేటా ఆపించేయండి, ఆ కబురు వస్తే ‘ఉంచు’ నొక్కమనండి. ఈ ఒక్క ముక్క చెబితే సగం టెన్షన్ పోతుంది.

ఇంకో రెండు విషయాలు. ఫైలు ఏ ఫోనులో ఉందో ఆ ఫోనే హాట్‌స్పాట్ కావాలి. చాలామంది ఒకరి ఫోను హాట్‌స్పాట్ చేసి, ఫైలు ఇంకొకరి ఫోను నుంచి పంపుతారు. అప్పుడు ప్రతి ముక్కా ముందు హాట్‌స్పాట్‌కి వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ గాల్లోకి లేచి రెండోవాడికి వెళ్ళాలి, వేగం సగానికి పడిపోతుంది. రెండోది, ‘ఒకేసారి’ అన్నది కంటికి మాత్రమే ఒకేసారి. గాలి ఒకటే, ఒకే కుళాయి కింద ఎనిమిది బిందెలు పెట్టినట్టు ఎనిమిది ఫోన్లూ ఆ 30 మెగాబిట్లే పంచుకుంటాయి, కాబట్టి ఎనిమిదిమందికి మొత్తం 25 నిమిషాల దాకా పడుతుంది. పైగా హాట్‌స్పాట్‌కి ఎన్ని ఫోన్లు తగులుకోవచ్చో హద్దు ఉంటుంది, చాలా ఫోన్లలో అది ఎనిమిదో పదో. మిగతావాళ్ళకి పేరు కనిపిస్తుంది, కలవదు.

అందుకని పాతికమందికి రెండు దారులు. ఎవరింట్లోనైనా అటక మీద పాత బ్రాడ్‌బ్యాండ్ రూటర్ పడి ఉంటే తెచ్చి కరెంటు ఇవ్వండి చాలు, దానికి లైను అక్కర్లేదు. మీరూ పిల్లలూ దాని వైఫైకే కలవండి, లింకు పద్ధతి మామూలే. ఫైలు రూటర్ మీదుగా రెండుసార్లు గాల్లో ఎగరాలి కాబట్టి ఒక్కో ఫోనుకి కాస్త నెమ్మది, కాకపోతే పాతికమందీ కలుస్తారు. ఫోన్లు ఒకదానికొకటి కనిపించకపోతే రూటర్ సెట్టింగుల్లో ఏపీ ఐసొలేషన్ అనేది (ఒకే వైఫైలో ఉన్న ఫోన్లు ఒకదాన్నొకటి చూడకుండా ఆపేది) ఆన్‌లో ఉందేమో చూడండి, గెస్ట్ వైఫైలో అయితే అది దాదాపు ఖాయంగా ఉంటుంది, ఆపేయాలి. రూటర్ లేకపోతే రెండో దారి, మీరు ఒకడికి ఇవ్వండి, తర్వాత మీరూ వాడూ చెరొకరికి ఇవ్వండి, నలుగురయ్యాక నలుగురూ నలుగురికి. అలా ఐదు విడతల్లో 32 ఫోన్లు నిండుతాయి. దీనికి ఆండ్రాయిడ్‌లో ఉన్న క్విక్ షేర్ సరిపోతుంది. 2020లో నియర్‌బై షేర్ అని వచ్చిందే 2024 జనవరిలో శాంసంగ్ వాళ్ళ దానితో కలిసి ఆ పేరు పెట్టుకుంది. పిల్లలకి ఇదే సరదా కూడా.

ప్రశ్న: 2018లో తిత్లీ తుఫాను అప్పుడు మా ఊళ్ళో రోజుల తరబడి కరెంటూ లేదు, టవరూ లేదు. కొండ అవతలి ఊళ్ళో మా పెద్దక్క వాళ్ళు ఎలా ఉన్నారో కనుక్కునే దిక్కు లేకపోయింది. ఫోన్లన్నీ గొలుసులా కలిపేస్తే టవర్ లేకుండానే ఊరి నుంచి ఊరికి మెసేజి పోతుందని వీడియోల్లో చెబుతున్నారు. నిజమేనా?
*— ఒక పాఠకురాలు, గజపతి జిల్లా*

సగం నిజం అమ్మా, ఆ సగాన్ని కూడా కాస్త తగ్గించే వినాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి నేరుగా మీ జిల్లా కొండల మీదికే వచ్చింది, అలాంటి రోజున ఏం పనికొస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

ఆ వీడియోల్లో చెప్పేదాన్ని మెష్ అంటారు. నా ఫోను మీ ఫోనుకి, మీది పక్కవారి ఫోనుకి, అలా చేతులు మారుతూ కబురు ముందుకు పోవడం. ఇందులో చిక్కు దూరం. బ్లూటూత్ ఇంట్లో పది మీటర్లు దాటితే నమ్మలేం, ఫోను వైఫై ఆరుబయట కొన్ని పదుల మీటర్లు, మధ్యలో గోడో కొండో అడ్డమొస్తే అదీ ఉండదు. కొండకీ కొండకీ మధ్య కిలోమీటర్ల దారి పొడవునా అంతంత దూరంలో ఒక్కో మనిషి ఛార్జింగ్ ఉన్న ఫోను పట్టుకుని నిలబడితే తప్ప గొలుసు కలవదు. దానికి తోడు ఆండ్రాయిడ్ ఫోన్లు మామూలుగా గొలుసులా కలిసే ఆ తరహా వైఫైని ఒప్పుకోవు. ఆస్ట్రేలియాలో సర్వల్ ప్రాజెక్టు వాళ్ళు విపత్తుల కోసమే ఇలాంటిది తయారుచేసి చూపించారు, దానికీ అప్పట్లో ఫోన్లని రూట్ చేయాల్సి వచ్చేది, అంటే కంపెనీ వేసిన తాళం పగలగొట్టడం. మన ఇళ్ళల్లో అయ్యే పని కాదు.

అయితే పనికొచ్చే సగం ఒకటుంది. బ్రయర్ అనే మెసేజింగ్ యాప్ ఆండ్రాయిడ్‌లో ఉంది. నెట్టు ఉంటే నెట్టు మీద, లేకపోతే దగ్గర్లో ఉన్న ఫోన్లతో బ్లూటూత్, వైఫై మీద మాట్లాడుతుంది. అందులో ఊరందరికీ ఒక ఫోరం, అంటే అందరూ రాసి అందరూ చదివే చోటు, పెట్టుకుంటే, అందులో రాసినవి మీ ఫోనులోనే దాగి ఉంటాయి. రిలీఫ్ బియ్యం కోసమో, మందుల కోసమో కొండ దిగి వెళ్ళే కుర్రాడి ఫోనులోకి అవి ఎక్కుతాయి, అవతలి ఊళ్ళో వాడికి పరిచయమున్న బ్రయర్ ఫోను తగిలినప్పుడు అక్కడ దిగుతాయి. తంతి కాదు, టపా అనుకోండి. కబురు మనిషి కాళ్ళ మీదే వెళ్తుంది, కాకపోతే నోటి మాటగా మారిపోకుండా, ఎవరు రాసింది వారి మాటల్లోనే, ఊరంతటిదీ ఒకే ఫోనులో వెళ్తుంది.

దీనికి ముందే సిద్ధపడాలి. ఇద్దరూ ఒకరి తెర మీది క్యూఆర్‌ని ఇంకొకరు స్కాన్ చేసి పరిచయం కలుపుకోవాలి, పెద్దక్కగారు సంక్రాంతికో దసరాకో వచ్చినప్పుడు ఆ పని కానిచ్చేయండి. తుఫాను వచ్చాక గుర్తొచ్చినా పరవాలేదు, ఒక్కరి ఫోనులో బ్రయర్ ఉంటే నెట్టు లేకుండానే పక్కవాళ్ళకి ఆ యాప్‌ని ఇచ్చే ఏర్పాటు అందులోనే ఉంది. ఇవన్నీ ఎలా ఉన్నా పవర్‌బ్యాంకు నిండుగా లేకపోతే ఏ యాపూ ఏమీ చేయలేదు. తుఫాను హెచ్చరిక రాగానే ముందు అది ఛార్జింగ్‌కి పెట్టండి.

ప్రశ్న: మా అన్నయ్య పెళ్ళికి శ్రీకాకుళం, బరంపురం, హైదరాబాదు నుంచి చుట్టాలొచ్చారు. ఎవరి ఫోనులో ఫొటోలు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. వాట్సాప్‌లో పెడితే మసకబారుతున్నాయి. కొందరివి ఐఫోన్లు. వాళ్ళు వెళ్ళేలోగా అన్నీ ఒక చోట చేర్చడం ఎలా?
*— ఒక పాఠకుడు, రాయగడ*

ఐఫోను ఐఫోనుకి అయితే ఎయిర్‌డ్రాప్, ఆండ్రాయిడ్ ఆండ్రాయిడ్‌కి అయితే క్విక్ షేర్. రెండు జాతులూ కలిసిన చోట మాస్టారికి చెప్పిన లోకల్‌సెండే మేలు, అది ఐఫోనులోనూ కంప్యూటర్లోనూ కూడా ఉంది. ఇంట్లో లాప్‌టాప్ ఉంటే దాన్నే ఫొటోల గంప చేసేయండి, అందరూ ఒకే వైఫైకి కలిసి దానికి పంపేస్తారు. ఐఫోను ఫొటోలు హీక్ (HEIC) అనే రకం ఫైళ్ళుగా వస్తే పాత లాప్‌టాప్ తెరవకపోవచ్చు, పాడయ్యాయని చెరిపేయకండి, తర్వాత జేపెగ్‌గా మార్చుకోవచ్చు. వీడియోగ్రాఫర్ ఇచ్చిన పెద్ద ఫైలు మెమరీ కార్డులోకి పోవడం లేదంటే కార్డు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయ్యుంటుంది, అందులో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. కార్డు ఖాళీ చేసుకుని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే సరి.

ప్రశ్న: మా పొదుపు సంఘంలో ముగ్గురం లెక్కలు ఎక్సెల్‌లో రాస్తాం. ఫోన్లు ఇలా కలిపేస్తే ముగ్గురికీ ఒకటే లెక్క కనిపిస్తుందా?
*— సంఘం లీడరు, గుణుపురం*

కనిపించదమ్మా. ఇక్కడ ఫైలు నకలు వెళ్తుంది గానీ లెక్క కలవదు. మీరు జయమ్మ పేరున 200 వేసి, ఆవిడ అదే ఫైల్లో 300 వేసి ఒకరికొకరు పంపుకుంటే కొత్తది పాతదాన్ని తుడిచేయొచ్చు, లేదా రెండు ఫైళ్ళు మిగిలి ఏది నిజమో తెలియక మీటింగులో గొడవవుతుంది. రాసే ఫోను ఒక్కటే పెట్టుకోండి. మిగతా ఇద్దరూ చూడ్డానికి మాత్రమే, అదీ పీడీఎఫ్‌గా, పేరులో తేదీ వేసి పంపించుకోండి. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు.

ప్రశ్న: విశాఖ నుంచి జయపురం రైల్లో వస్తుంటే వరసగా సొరంగాలే, సిగ్నల్ చస్తుంది, ఆన్‌లైన్ ఆట మధ్యలో ఆగిపోతుంది. ఫ్రెండ్సందరం ఒకే బోగీలో ఉంటాం. ఏదైనా మార్గం?
*— ఇంజినీరింగ్ కుర్రాడు, జయపురం*

లోకల్ మల్టీప్లేయర్ ఉన్న ఆట చూసుకో తమ్ముడూ, అందరి ఫోన్లలో ఇల్లు దాటకముందే ఎక్కించుకోవాలి. ఒకడు హాట్‌స్పాట్, మిగతావాళ్ళు దానికి కలవడం. ఫోన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి కాబట్టి సొరంగం వచ్చినా ఆట ఆగదు. బ్లూటూత్ ఆట అయితే ఒక ఫోను చుట్టూ ఏడు ఫోన్లకి మించి కలవవు, అది దాని హద్దు. హాట్‌స్పాట్‌కి కలిసినవాళ్ళు ఫ్లైట్ మోడ్ పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేసుకుంటే కొండల్లో టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ కాలిపోకుండా ఉంటుంది. అవతలి కిటికీలో లోయ కూడా ఉంటుంది, చూడొచ్చు.

ప్రశ్న: ఫైలు పంపడానికి లొకేషన్ ఎందుకు అడుగుతోంది? మనం ఎక్కడున్నామో ఎవరికైనా తెలిసిపోతుందా?
*— ఒక గృహిణి, రాయగడ*

దగ్గర్లో ఏ వైఫైలున్నాయో తెలిస్తే మనం ఎక్కడున్నామో కూడా ఊహించొచ్చు, అందుకని పాత ఆండ్రాయిడ్‌లలో చుట్టుపక్కల ఫోన్లని వెతకాలన్నా లొకేషన్ అనుమతి అడిగేలా పెట్టారు. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్‌కీ, 13 నుంచి వైఫైకీ దీనికోసం వేరే అనుమతి వచ్చింది, దగ్గరి పరికరాలు అని ఉంటుంది. ఫోనుతో వచ్చిన క్విక్ షేర్ అడిగితే ఇవ్వండి, పని కాగానే లొకేషన్ ఆపేయండి. పేరూ ఊరూ తెలియని యాప్ అడిగితే ఇవ్వొద్దు. క్విక్ షేర్‌లో ‘అందరికీ కనిపించు’ అన్నది కూడా పంపుకునే పది నిమిషాలే ఉంచండి, బస్టాండులో కూర్చున్నప్పుడు తెలియని పేరుతో ఫైలు వస్తే, అదీ ఏపీకే అయితే, వద్దు నొక్కేయండి.