ఈయన ఎప్పుడైనా అన్నం తిన్నాడా?

అమ్మాయికి,

నువ్వు పంపిన సాంద్రో పెర్తినీ వ్యాసం అందింది. మొదట రాత్రి పడుకునే ముందు చదివాను, మధ్యలోనే నిద్ర పట్టేసింది. నా వయసు తప్పేమోనని పొద్దున్నే కాఫీ తాగి మళ్ళీ మొదలుపెట్టాను. వయసు తప్పు కాదని తేలింది.

కోపం తెచ్చుకోకు. నీ భాషకు వంక పెట్టలేను. ఒకప్పటి ఇటలీ అధ్యక్షుడి గురించి ఇంత ఓపిగ్గా చదివి రాసినందుకు ముచ్చటేసింది కూడా. కానీ ఇరవై పేజీల్లో ఆయన ఒక్క తప్పూ చెయ్యలేదు, ఒక్కరి మనసూ నొప్పించలేదు. 'మహోన్నత' అన్న మాట పదకొండుసార్లు వచ్చింది, 'అకుంఠిత దీక్ష' ఆరుసార్లు. పనిలేక పెన్సిలుతో లెక్కపెట్టాను.

నీ వయసులో నేనూ ఇదే చేశాను. మా ప్రాంతంలో స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళిన ఒక పెద్దాయన గురించి ఆదివారం అనుబంధానికి రాశాను. అప్పటికాయన పోయి రెండేళ్ళయింది. పత్రిక పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి ఆయన భార్యకు చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చివరిదాకా వింది. "బాగుంది నాయనా. ఇందులో ఈయన ఎప్పుడైనా అన్నం తిన్నాడా?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చేదాకా అదే మాట చెవిలో మోగింది.

నీ పెర్తినీ కూడా అన్నం తినడు.

ముందు చిన్న విషయాలు. 'జన్మించారు, విచ్చేశారు, ఉద్ఘాటించారు' తీసెయ్. 'చెప్పాడు' అన్నంత మాత్రాన ఆయన గౌరవం తగ్గదు. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి 'పెర్టిని' అని రాశావు. ఇటాలియన్ వాళ్ళు మనలాగే 'త' పలుకుతారు, ఆ అక్షరం మన దగ్గర ఉండగా అరువెందుకు?

ఇక అసలు సంగతి. 1896 సెప్టెంబర్ 25న లిగూరియాలోని స్తెల్లా పల్లెలో పుట్టాడని మొదలుపెట్టావు. అది నాలుగో పేజీలో వచ్చినా కొంపేం మునగదు. నేనైతే 1933 ఫిబ్రవరితో మొదలుపెడతాను. పియనోజా దీవి జైలు. ఆయనకు ముప్ఫై ఆరేళ్ళు. 1929లో ఫాసిస్టు నియంత ముస్సోలినీ పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం పదేళ్ళ తొమ్మిది నెలల పైచిలుకు శిక్ష వేసింది. సాంతో స్తెఫానో దీవి జైల్లో ఉంచి, అక్కణ్ణించి తూరికి మార్చి, ఆ తర్వాత ఇక్కడికి తెచ్చారు. అప్పటికే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఊళ్ళో తల్లి మరియా ఉండబట్టలేక కొడుకును వదిలిపెట్టమని క్షమాభిక్ష అర్జీ పెట్టుకుంది.

ఆ కబురు తెలిసి కొడుకు రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి న్యాయస్థానానికి: ఆ అర్జీతో నాకు సంబంధం లేదు, నా నమ్మకాన్ని వదులుకుని బయటికి రాను అని. రెండోది తల్లికి: అమ్మా, ఏ మనసుతో ఈ పని చేశావు, ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు అని.

నువ్వు మొదటి ఉత్తరానికి ఒక పేజీ ఇచ్చావు. రెండోదాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, అదీ 'తల్లికి సైతం తలవంచని ధీరుడు' అని. తిరగెయ్యి. ఆ తల్లి వైపు నుంచి ఒక్కసారి చూడు. కొడుకు జబ్బుపడి సముద్రం మధ్యలో జైల్లో ఉన్నాడు. కాగితం మీద సంతకం పెడితే ఇంటికొస్తాడేమోనని ఆశ. ఏ తల్లయినా పెడుతుంది. దానికి కొడుకు నుంచి వచ్చిన జవాబు అది. ఆ ఉత్తరం విప్పి చదివినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందో మనకు తెలియదు, కాబట్టి రాయకు. 'కన్నీరు మున్నీరైంది' అసలే వద్దు. ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు పెట్టి, కింద ఒక వరుస ఖాళీ వదులు, చాలు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు మనవాళ్ళు. ఈయన విషయంలో తమాషా ఏమిటంటే, ఆ మొండివాడే చివరికి రాజు ఖాళీ చేసిన భవనంలో అధ్యక్షుడయ్యాడు. క్విరినాలే ఒకప్పుడు పోప్‌ల నివాసం, తర్వాత రాజులది. ఆయన పగలు అక్కడ పనిచేసి, రాత్రికి త్రేవీ ఫౌంటెన్ దగ్గరున్న చిన్న ఫ్లాటుకు వెళ్ళిపోయేవాడు. భార్య కార్లా ఒకప్పుడు నాజీలను ఎదిరించిన పార్తిజాన్ దళాల కార్యకర్త, అధ్యక్ష భవనంలో కాపురం పెట్టనంటే పెట్టనంది. ఆ ఇంట్లో మొండితనం ఒక్కరి సొత్తు కాదన్నమాట. ఇది నీ వ్యాసంలో లేదు!

ఆ మొండితనాన్నే దారంగా పట్టుకో. అది ఎక్కడ మేలు చేసిందో, ఎక్కడ గాయం చేసిందో, ఎక్కడ ఆయన్నే తప్పుదారి పట్టించిందో చూసుకుంటూ వెళ్ళు. మిగతాదంతా నువ్వు పోగేసిన సామానే, ఎంత కావాలో అంతే వాడు.

పడవ సంగతి నువ్వు బాగా రాశావు, అది ముట్టుకోకు. 1926 డిసెంబర్ రాత్రి, అరవై తొమ్మిదేళ్ళ సోషలిస్టు నాయకుడు ఫిలిప్పో తురాతిని మోటారుబోటు ఎక్కించి సవోనా తీరం నుంచి కోర్సికాకు దాటించడం, బోటు తోలింది ఇతాలో ఒక్సీలియా, తోడు వెళ్ళిన కార్లో రొస్సెల్లి, ఫెరుచ్చో పర్రి తిరిగొచ్చి పట్టుబడటం. సముద్రం కూడా కల్లోలంగా ఉందాయె, పాఠకుడు తనే ఊపిరి బిగబడతాడు. నువ్వు 'ఉత్కంఠభరిత' అని చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఫ్రాన్సులో గడిపిన కాలాన్ని మాత్రం 'అనేక కష్టాలు పడ్డారు' అని తేల్చేశావు. కష్టాలు అంటే ఎవరి కంటికీ ఏమీ ఆనదు. ఈయన రెండు డిగ్రీలున్న మనిషి, ఒకటి న్యాయశాస్త్రం, రెండోది రాజనీతి. పారిస్‌లో టాక్సీలు కడిగాడు. నీస్‌లో తాపీ పనికి వెళ్ళాడు, గోడలకు రంగులు వేశాడు. ఇటలీలో ఉన్న ఆస్తి అమ్మి ఆ డబ్బుతో నీస్ దగ్గర రహస్యంగా రేడియో కేంద్రం పెట్టుకుంటే ఫ్రెంచి పోలీసులు పట్టుకున్నారు. 1929లో దొంగ పాస్‌పోర్టుతో మళ్ళీ ఇటలీలోకి జొరబడ్డాడు. కొన్ని వారాలకే పీసాలో ఆయన ఊరివైపు ఫాసిస్టు ఒకడు గుర్తుపట్టేశాడు. ఇందులో విశేషణం ఒక్కటీ అక్కర్లేదు చూడు. టాక్సీ, తాపీ, రంగు డబ్బా చాలు.

తూరి జైల్లో కమ్యూనిస్టు నాయకుడు గ్రాంసీతో స్నేహం గురించి కాస్త పెంచు. పార్టీ పంథాతో గ్రాంసీకి తేడా వచ్చి, సొంత కమ్యూనిస్టు సహచరుల్లోనే కొందరు ఆయన్ని దూరం పెట్టిన రోజులవి. అప్పుడు దగ్గరైంది సోషలిస్టు అయిన పెర్తినీ. ఆ రోజుల్లో కమ్యూనిస్టులు సోషలిస్టులను ఫాసిస్టుల జమలోనే కట్టేవారని ఒక్క మాటలో చెప్పు, లేకపోతే ఆ స్నేహం విలువ మన పాఠకుడికి అందదు.

1943 అక్టోబర్‌లో జర్మన్లు పట్టుకున్నారు, మరణశిక్ష పడింది. రోమ్‌లోని రెజీనా చేలి జైలు నుంచి 1944 జనవరిలో జుసెప్పె సరగాత్‌తో కలిసి బయటపడ్డాడు. బయట ఉన్న సహచరులు విడుదల కాగితాలు దొంగవి తయారుచేసి పంపారు. ఆ ఇద్దరూ తర్వాత దేశాధ్యక్షులయ్యారు, సరగాత్ 1964లో, ఈయన 1978లో. మన సినిమావాళ్ళు రాస్తే 'మరీ ఇంతా!' అంటాం. నిజంగా జరిగింది కనుక నీకు అదృష్టం.

కానీ ఇలాంటి అదృష్టం చూసి ఆశపడితే బోర్లా పడతావు. ఆయన సోదరుడు యుజేనియో సంగతి అలాగే అయింది. ఫ్లోసెన్‌బూర్గ్ నాజీ శిబిరంలో 1945 ఏప్రిల్‌లో చనిపోయాడు. సరిగ్గా ఏప్రిల్ 25న, అంటే పెర్తినీ మిలాన్‌లో తిరుగుబాటుకు పిలుపునిచ్చిన రోజునే కాల్చి చంపారని రాశావు. చాలాచోట్ల అలాగే ఉంది, నీ తప్పు కాదు. అయితే అమెరికా సైన్యం ఆ శిబిరంలోకి ఏప్రిల్ 23నే వచ్చేసింది. 25న నాజీలు అక్కడ కాల్చడం ఎలా కుదురుతుంది? 'ఏప్రిల్‌లో' అని రాసి ఊరుకో. వాక్యం కొంచెం చప్పబడుతుంది, పడనీ. కథ మరీ అందంగా కుదిరిన చోట ఆగి, పక్క పుస్తకం తెరవడం అలవాటు చేసుకో.

ఇప్పుడు నువ్వు దాచిన సంగతి. 1953 మార్చిలో స్టాలిన్ చనిపోతే, ఇటలీ సెనేట్‌లో లేచి ఘనంగా నివాళి అర్పించినవాళ్ళలో పెర్తినీ ఒకడు. ఒక నియంత చేతిలో పద్నాలుగేళ్ళు జైళ్ళలో, దీవుల్లో నలిగిన మనిషి ఇంకో నియంతను మహానుభావుడన్నాడు. నీకు తెలియదని నేను అనుకోను, నీ వ్యాసంలో 1948 నుంచి 1968కి ఒక్క గెంతులో వెళ్ళిన తీరే చెబుతోంది. భయపడకు. సమర్థించనూవద్దు, కేసు పెట్టనూవద్దు. హిట్లర్‌ను ఓడించిన దేశంగా సోవియట్ యూనియన్‌ను చూసిన ఆ తరం గురించి రెండు వాక్యాలు రాసి, ఆయనన్న మాటలు అక్కడే పెట్టు. దాన్ని దాచితే తల్లికి రాసిన ఉత్తరం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. నమ్మినదాన్ని గట్టిగా పట్టుకునే చెయ్యే రెండుచోట్లా ఉంది.

1978 రాజకీయాలకు నాలుగు పేజీలు ఎందుకు? మే 9న, ఉగ్రవాదులు ఎత్తుకెళ్ళిన మాజీ ప్రధాని ఆల్దో మోరో శవం కారు డిక్కీలో దొరికింది. జూన్‌లో అధ్యక్షుడు లెయోనె లాక్‌హీడ్ విమానాల లంచాల కుంభకోణం గొడవలో రాజీనామా చేశాడు. జూలై 8న పదహారో విడత ఓటింగ్‌లో 995 ఓట్లకు 832 తెచ్చుకుని, ఎనభై ఒక్కేళ్ళ వయసులో పెర్తినీ గెలిచాడు. అరపేజీ చాలు. ఏ పార్టీ ఎందుకు ఒప్పుకుందో కావలసినవాళ్ళు వేరే చదువుకుంటారు.

ఆ మిగిలిన పేజీలన్నీ ఇర్పీనియాకు ఇవ్వు. 1980 నవంబర్ 23 సాయంత్రం నేపుల్స్‌కు తూర్పున కొండప్రాంతంలో భూకంపం వచ్చింది, దాదాపు మూడువేలమంది పోయారు. ఎనభై నాలుగేళ్ళ అధ్యక్షుడు రెండు రోజులకు అక్కడికి వెళ్ళాడు. తిరిగొచ్చి 26న టీవీలో మాట్లాడాడు. ఆ ప్రసంగం సంపాదించి నాలుగుసార్లు చదువు, రచన నేర్చుకోవడానికి నేను చెప్పగలిగేదానికంటే అందులో ఎక్కువుంది. సంతాప సందేశంలా ఉండదు. నలభై ఎనిమిది గంటలైనా అందాల్సిన సాయం అందలేదని దేశాధ్యక్షుడే చెబుతాడు. శిథిలాల కింద నుంచి ఇంకా మూలుగులు వినిపిస్తున్నాయంటాడు. ఒక చిన్నపిల్ల వచ్చి మెడ చుట్టేసుకుని, అమ్మా నాన్నా అన్నదమ్ములూ అందరూ పోయారని ఏడ్చిందంటాడు. అక్కణ్ణించి నేరుగా డబ్బు లెక్కకు వెళతాడు. 1968 భూకంపం తర్వాత సిసిలీలోని బెలీచె లోయలో కడతామన్న ఇళ్ళు ఇంకా కట్టలేదు, ఆ డబ్బు ఏమైందని అడుగుతాడు. తన సొంత ప్రభుత్వాన్ని! అవెల్లీనో ప్రిఫెక్టు, అంటే మన కలెక్టరులాంటివాడు, పదవి ఊడింది. హోంమంత్రి రాజీనామా ఇవ్వజూపాడు.

నువ్వు ఈ ప్రసంగాన్ని 'తీవ్ర ఆవేదన వ్యక్తం చేశారు' అని రాశావు. పేపర్లో పనిచేసిన నాకే సిగ్గేసింది. ఆ మాట మేమే అరగదీశాం.

మరుసటి ఏడాది వెర్మిచీనోలో ఆరేళ్ళ పిల్లాడు బోరుబావిలో పడ్డప్పుడు ఆయన వెళ్ళి ఆ గోతి దగ్గర గంటల తరబడి నిలబడ్డాడు. టీవీ అదే పనిగా చూపిస్తూనే ఉంది, పిల్లాడు దక్కలేదు. అధ్యక్షుడు అక్కడికి వెళ్ళాల్సిందా అని ఇటలీలో వాదన నడిచింది. ఆ వాదనను కూడా రాయి. బోరుబావి వార్తలు మనకూ కొత్తేం కాదు, ఆ రాత్రి ఎలా ఉంటుందో మన పాఠకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరిగా పేకాట. నువ్వు 1982 ప్రపంచ కప్ రాసి, మాడ్రిడ్‌లో స్పెయిన్ రాజు పక్కన లేచి నిలబడి 'ఇక మనల్ని పట్టుకోలేరు' అని వేలు ఊపిన దగ్గర ఆపేశావు. అది అందరికీ తెలిసిన బొమ్మే. నాకు కావాల్సింది మర్నాటి విమానం. బల్లమీద బంగారు కప్పు. దాని పక్కన నలుగురు కూర్చుని స్కొపోనె ఆడుతున్నారు, జోడీలు కట్టి ఆడే ఆట. ఒకవైపు అధ్యక్షుడూ గోల్‌కీపర్ దీనో జోఫూ, ఎదురుగా కోచ్ బేర్జోత్, ఆటగాడు కవుసియో. అధ్యక్షుడి జోడీ ఓడిపోయింది. ఆయన జోఫ్ మీద విరుచుకుపడ్డాడు, నీవల్లే పోయిందని. నలభై ఏళ్ళ మనిషి, ముందురోజు ప్రపంచ కప్ అందుకున్న కెప్టెన్, తిట్లు తింటూ కూర్చున్నాడు. ఏడు ముక్కను చూసుకోకుండా వదిలేసింది అసలు అధ్యక్షుడే. ఆ సంగతి చాలారోజుల తర్వాత ఒప్పుకున్నాడని జోఫ్ చెప్పుకున్నాడు.

ఆ బల్లను నీ వ్యాసంలో ఎక్కడ వేస్తావో నీ ఇష్టం. నేనైతే తల్లికి రాసిన ఉత్తరం పక్క పేజీలోనే వేస్తాను, మధ్యలో ఒక్క మాటా కలపను.

రెండో ప్రతి పదిహేను పేజీలు దాటితే చదవను. వాట్సాప్‌లో పంపకు, నా ఫోన్లో అక్షరాలు చీమల్లా ఉంటున్నాయి. కాగితం మీద, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పోస్టులో వెయ్యి. మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఉంటాను.