పండగ సీజన్లో ఉకులేలే, బాంజో: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అమెరికాలో డల్లాస్ దగ్గర మాకు చిన్న వాద్యాల షాపు ఉంది. క్రిస్మస్‌కు ఉకులేలేలు, బాంజోలు బాగానే పోతాయి. పండగ మర్నాటి నుంచి ‘శ్రుతి నిలవట్లేదు’ అంటూ కొన్ని వెనక్కి వస్తున్నాయి. సరుకు మంచిది కాదా?

జవాబు: చాలావరకు సరుకు తప్పు కాదు. పెట్టెలో వచ్చింది వచ్చినట్టే అమ్మడంతో వచ్చే తంటా ఇది. కానుక అందుకునేవారికి సాధారణంగా శ్రుతి చేయడం రాదు. ఆ పని షాపులోనే అయిపోవాలి.

చిన్న గిటారు లాంటి ఉకులేలేకు ఉండేవి నైలాన్ తరహా తీగలు. కొత్తవి కొన్ని రోజులు సాగుతూనే ఉంటాయి. కాబట్టి నవంబరులోనే పెట్టె విప్పి, నాలుగు తీగలనూ వరసగా జి-సి-ఇ-ఎ స్వరాల శ్రుతిలో పెట్టండి. ఒక్కో తీగను 12వ ఫ్రెట్ (మెడ మీది లోహపు అడ్డగీత) దగ్గర వేలితో మెల్లగా పైకి లాగి, దిగిన శ్రుతిని మళ్లీ సరిచేయండి. రోజూ ఇలా చేస్తే పండగ నాటికి నిలకడ వస్తుంది. వాద్యానికి తగిలించి శ్రుతి చూసే చాలా క్లిప్ ట్యూనర్లలో స్వరం పేరే కనిపిస్తుంది, స్థాయి కనిపించదు. ‘ఎ’ దాటిపోయిందని తెలియక పై స్థాయి కోసం బిగించి తీగ తెంపేవారున్నారు. అమ్మేటప్పుడే ఈ మాట చెప్పండి.

బాంజోకు అసలు చిక్కు బ్రిడ్జి, అంటే తీగలను మోసే చెక్క ముక్క. దాన్ని అతికించరు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. దారిలో పడిపోవచ్చు, పక్కకు జరగొచ్చు. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కు ఎంతో, అక్కడి నుంచి బ్రిడ్జికి దాదాపు అంతే ఉండాలి. 26¼ అంగుళాల స్కేలుకు (మోగే తీగ పొడవు) అది 13⅛ అంగుళాలు. 12వ ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు మీటినా, నొక్కి మీటినా ఒకే స్వరం పలకాలి. నొక్కినప్పుడు హెచ్చితే బ్రిడ్జిని టెయిల్‌పీస్ (తీగల కొసలు తగిలించే భాగం) వైపు వెంట్రుకవాసి జరపండి. కుదిరాక బ్రిడ్జి పాదాల చోట పెన్సిలుతో సన్నని గుర్తు పెట్టండి. తీగలు ఒక్కొక్కటే మార్చాలి, అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి కూలుతుంది.

బ్రిడ్జి కింద హెడ్ (డప్పులా బిగించిన పొర) కుంగి, నాదం బొంగురుగా ఉంటే హెడ్ వదులైందన్నమాట. చుట్టూ ఉన్న హుక్కుల మరలను ఎదురెదురు జతలుగా, ఒక్కో విడతకు ఎనిమిదో వంతు చుట్టుకు మించకుండా బిగించండి. తొందరపడి ఒకే పక్క బిగిస్తే హెడ్ చీలుతుంది.

ప్రశ్న: విజయవాడలో మా షాపుకు డిసెంబరు కోసం ఉకులేలేలు తెప్పిస్తున్నాం. ఏ సైజులు మేలు?

జవాబు: సగం 23 అంగుళాల కాన్సర్ట్ తెప్పించండి, పెద్దలకూ పిల్లలకూ సరిపోతుంది. చిన్నపిల్లలకు 21 అంగుళాల సొప్రానో చాలు. 26 అంగుళాల టెనర్ గిటారు వాయించేవారే ఎక్కువగా అడుగుతారు, రెండు మూడుంటే సరి. మీ దగ్గరి తేమకు లామినేట్ (పొరలు అతికించిన) చెక్క తట్టుకుంటుంది. తీగలు బిగించే పెగ్గులు గేర్లతో ఉన్నవే తీసుకోండి, రాపిడితో నిలిచేవి కొత్తవారి చేతిలో జారతాయి.

సరుకు దిగగానే ప్రతిదాన్నీ 3వ ఫ్రెట్ దగ్గర నొక్కి చూడండి. 1వ ఫ్రెట్‌కూ తీగకూ మధ్య కాగితమంత సందుంటే చాలు. ఎక్కువుంటే నట్‌లోని తీగల గాడులు ఎత్తుగా ఉన్నట్టు. అప్పుడు విడి తీగలు శ్రుతిలో ఉన్నా కార్డులు (కలిపి మీటే స్వరాలు) హెచ్చుగా పలుకుతాయి. గిటారు స్టీలు తీగలు మాత్రం ఎవరడిగినా వేయొద్దు, ఆ లాగుడుకు ఉకులేలేకు అతికించి ఉండే బ్రిడ్జి ఊడివస్తుంది.

బాంజో కావాలంటూ ఎవరైనా వస్తే, మన దగ్గర బాంజో అనే పిలిచే మీటల బుల్‌బుల్ తరంగ్ గురించే అడుగుతున్నారేమో కనుక్కున్నాకే ఆర్డరు పెట్టండి.