చలికాలపు స్కాట్లండ్ నవల రాస్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయీ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ రెండేసి సార్లు చదివాను. క్వీన్స్‌ఫెర్రీ రేవులో పడవ నడిపే కుర్రవాణ్ణి, అవతలి ఒడ్డున ఇన్వర్‌కీథింగ్ ఉప్పు పొయ్యిల దగ్గర పెరిగిన పిల్లను నాయికానాయకులుగా ఎంచుకోవడం నాకెంతో నచ్చింది. 1285 చివర మొదలై 1286 మార్చిలో మూడో అలెగ్జాండర్ రాజు మరణంతో ముగిసే చలికాలాన్ని కథాకాలంగా తీసుకోవడం ఇంకా నచ్చింది. అయితే నీ కథలో ప్రతి పేజీలోనూ మంచు కురుస్తోంది గానీ ఆ మంచు ఎవరి పనినీ ఆపడం లేదు. కలుసుకోవాలనుకున్నప్పుడల్లా వాళ్లిద్దరూ కలుసుకుంటున్నారు, దాటాలనుకున్నప్పుడల్లా ఏరు దాటినంత సులువుగా ఫోర్త్ సముద్రపాయను దాటుతున్నారు. ఇదే కథను వైశాఖంలో జరిపించినా ఒక్క సంఘటన కూడా మారదు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క లోపం గురించే.

ముందు పెళ్లి సంగతి చెబుతాను. రెండో అధ్యాయంలో క్రిస్మస్ వారంలో, చర్చి వాకిట్లో, బంధువులందరి ఎదుట పెళ్లి చేయించావు. ఆ రోజుల్లో అది కుదరదు. క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారం నుంచి జనవరి 13 వరకూ, మళ్లీ ఈస్టర్‌కు తొమ్మిది వారాల ముందు నుంచి ఈస్టర్ దాటిన వారం వరకూ చర్చిలో పెళ్లిళ్లు జరపకూడదన్నది నియమం. మనకు మూఢమూ శూన్యమాసమూ ఎలాగో వాళ్లకు అవి అలాంటివి. 1286లో ఈస్టర్ ఏప్రిల్ 14న వచ్చింది. లెక్క కట్టి చూడు: ఆ చలికాలంలో నీ జంటకు దొరికే ముహూర్తాలన్నీ జనవరి 14 నుంచి ఫిబ్రవరి 9 దాకా ఉన్న 27 రోజుల్లోనే ఉన్నాయి. ఆ రోజుల్లో గాలివాన వారం పది రోజులు వదలకుండా పట్టుకుంటే, పెళ్లికొడుకు ఒక ఒడ్డునా పెళ్లికూతురు మరో ఒడ్డునా ఉండిపోతే, అప్పుడు చలికాలం నీ కథలోకి నిజంగా వచ్చినట్టు.

అంతకన్నా విలువైన సంగతి ఇంకొకటి ఉంది. నాటి చర్చి చట్టం ప్రకారం, ఇద్దరూ ఇష్టపడి వర్తమాన కాలంలో మాట ఇచ్చుకుంటే, పురోహితుడు లేకపోయినా సాక్షులు లేకపోయినా అది పెళ్లే. తప్పుగా ఎంచేవారు, శిక్ష వేసేవారు, కానీ చెల్లదనేవారు కాదు. అదే మాట భవిష్యత్కాలంలో అంటే నిశ్చితార్థం మాత్రమే. "నిన్ను చేసుకుంటాను" అన్నాడా, "నిన్ను చేసుకుంటున్నాను" అన్నాడా అన్న తేడా మీద ఒక ఆడపిల్ల బతుకు ఆధారపడి ఉండేది. మన భాషలో ఆ రెంటి మధ్యా ఉన్న దూరం ఎంత సన్ననిదో నీకు తెలుసు. హోరుగాలిలో, చీకట్లో, పడవ తాడు పట్టుకుని నిలబడి అతడన్న మాటలో ఆ చివరి అక్షరాలు ఆమెకు సరిగ్గా వినపడలేదనుకో. నీ నవలకు కావలసిన ముడి అక్కడే పడుతుంది. దీనికోసం ప్రతినాయకుణ్ణి పుట్టించవలసిన పని లేదు.

ఇక రాజు చనిపోయిన రాత్రి. దాన్ని నువ్వు ఒక్క పేరాలో దాటేశావు. ఆ రాత్రిని పట్టుకుని కనీసం రెండు అధ్యాయాలు రాయాలని నా కోరిక. అలెగ్జాండర్‌కు అప్పటికి 44 ఏళ్లు. మొదటి భార్య పోయింది, ముగ్గురు బిడ్డలూ అతడి కళ్లముందే పోయారు. ఐదు నెలల కిందట, 1285 శరత్తులో, జెడ్‌బర్గ్‌లో ఫ్రాన్సు దేశపు యొలాండ్‌ను పెళ్లాడాడు. 1286 మార్చి 18, సోమవారం, ఎడింబరో కోటలో సభ ముగిసింది. లెంట్ ఉపవాసాల కాలం కాబట్టి మాంసం లేదు, చేపలతోనే భోజనం. ఆ రోజే ప్రళయ దినమని అక్కడి జనంలో ఒక పుకారు తిరుగుతోందనీ, రాజు ఆ మాట పట్టుకుని ఒక సామంతుడితో పరిహాసమాడాడనీ లానర్‌కాస్ట్ వృత్తాంతమనే నాటి చరిత్ర గ్రంథం చెబుతుంది. ముఖం బయటపెట్టడానికి ఎవరూ ఇష్టపడనంతగా ఉత్తరపు గాలి, వాన, మంచు. అయినా ఫోర్త్‌కు అవతల, కింగ్‌హార్న్‌లో ఉన్న భార్య దగ్గరికి బయలుదేరాడు.

రేవులో పడవవాడు వద్దని హెచ్చరించాడు. నాతో కలిసి చావడానికి భయమా అని రాజు అడిగితే, మీ తండ్రి కుమారుడితో కలిసి పోవడం నాకు గౌరవమేనని అతడు బదులిచ్చి పడవ తీశాడట. ఆ పడవవాడి పేరు చరిత్రలో లేదు. నీ నాయకుడికి అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? ఇన్వర్‌కీథింగ్ చేరేసరికి దట్టమైన చీకటి. అక్కడ రాజుగారి ఉప్పు పొయ్యిల మీద అధికారి, అతడి పేరూ అలెగ్జాండరే, చీకట్లో మనిషి కనపడకపోయినా గొంతు విని రాజును గుర్తుపట్టాడు. ఈ రాత్రి ప్రయాణాలు మీకు మేలు చెయ్యవని ఎన్నిసార్లు చెప్పలేదని మందలించి, తెల్లవారేదాకా తమ ఊళ్లో ఉండమని బతిమాలాడు. రాజు నవ్వి, దారి చూపడానికి ఇద్దరు మనుషుల్ని మాత్రం అడిగి తీసుకుని ముందుకు సాగాడు. కొద్ది దూరంలోనే దారి తప్పి ఒకరికొకరు దూరమయ్యారు. మర్నాడు కింగ్‌హార్న్ దగ్గర తీరంలో అతడి శవం దొరికింది.

ఆ గొంతును గుర్తుపట్టడం ఉంది చూశావా, చలికాలపు చీకటిని నాకు కళ్లకు కట్టింది అదే. నువ్వు అదే రాత్రిమీద వెన్నెల కురిపించావు. నేను నా మొదటి చారిత్రక నవలలో అమావాస్యనాడు నాయిక ముఖంమీద వెన్నెల పడిందని రాశాను. పాఠకుడొకాయన పంచాంగం చూసి ఉత్తరం రాస్తే చాలాకాలం బాధపడ్డాను. అప్పటినుంచి తిథి లెక్క చూడకుండా రాత్రి గురించి రాయలేదు. 1286లో మార్చి 11న పౌర్ణమి వచ్చింది. 18వ తేదీకి మన లెక్కన బహుళ సప్తమో అష్టమో అవుతుంది. మబ్బులు లేకపోయినా చంద్రోదయానికి దాదాపు అర్ధరాత్రి కావాలి. తేదీల విషయంలో ఇంకొక జాగ్రత్త: 1600 వరకూ స్కాట్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి నీ పాత్రల చేత ఉత్తరం రాయిస్తే ఆ రాత్రికి వాళ్లు వేసే సంవత్సరం 1285 అవుతుంది.

వస్తువుల పొరపాట్లు తేలిగ్గానే దిద్దుకోవచ్చు. బంగాళాదుంప అప్పటికి అట్లాంటిక్ దాటి రాలేదు. గళ్ల కిల్టు కట్టించకు, ఆ కట్టుకు పూర్వరూపమే 16వ శతాబ్దం చివరిది. విస్కీ గురించి మొదటి లిఖిత ఆధారం 1494 నాటిది, అందుకని నీ వాళ్లకు బార్లీతో కాచిన ఏల్ పొయ్యి. గాజు కిటికీలోంచి మంచును చూడటం ఆ పిల్ల ఇంట్లో కుదరదు, అక్కడుండేది చెక్క తలుపు. అది మూస్తే చీకటి, తెరిస్తే చలి. డిసెంబరులో పగలు ఏడు గంటలే ఉండే చోట ఆ తలుపును ఎప్పుడు తెరవాలన్నది రోజూ ఇంట్లో తేల్చుకోవలసిన విషయం. నవంబరు 11న వచ్చే మార్టిన్మస్ పండుగకు, మేత చాలని పశువుల్ని కోసి మాంసం ఉప్పులో వేసేవారు. నీ నాయిక తండ్రి తయారుచేసే ఉప్పుకు ఊళ్లో అంత గిరాకీ ఎందుకో ఆ ఒక్క దృశ్యంతో చెప్పవచ్చు. మన ఉప్పు మళ్లలో ఎండ చేసే పనిని అక్కడ నిప్పు చెయ్యాలి, సముద్రపు నీటిని మరిగించాలి. అంటే ఆ ఊళ్లో రాత్రంతా వెచ్చగా ఉండే చోటు ఉప్పు పొయ్యి. వాళ్లిద్దరినీ తోటలో కలపకు, అక్కడ కలుపు.

మాటల విషయం కూడా చెప్పాలి. మనకు గడ్డిపోచ మీద నిలిచేదీ మంచే, పుష్యమాసం పొద్దున దారి కప్పేసేదీ మంచే, గడ్డకట్టినదీ మంచే. ఈ ఇబ్బంది దాటడానికి నువ్వు హిమమనీ తుషారమనీ నీహారమనీ మార్చి మార్చి రాశావు. పద్యానికి అందమిచ్చే ఆ మాటలు పడవవాడి కంటికి అతకవు. అతడి తెడ్డు పిడి మీద పేరుకున్నది చేతికి అంటుకుని చర్మం లాగిందని రాయి, తడిసిన తాడు కర్రలా బిగుసుకుని ముడి విడలేదని రాయి. పేరు పెట్టకపోయినా పాఠకుడికి అది ఏ మంచో తెలిసిపోతుంది. మోకాలి లోతు మంచును మాత్రం తగ్గించు, ఫోర్త్ ఒడ్డు ఎత్తైన కొండసీమ కాదు, అక్కడ ఎక్కువగా ఉండేది ఎముకల్లోకి దిగే తడిగాలి.

మూడో అధ్యాయం తిరగరాసి పంపు. రాజు వెళ్లిపోయాక పడవవాడు ఆ రాత్రికి ఇన్వర్‌కీథింగ్‌లోనే చిక్కుబడిపోయాడని ఊహించుకో. ఉప్పు పొయ్యి దగ్గర ఆరబెట్టుకుంటున్న అతడి బట్టల్లోంచి ఆవిరి లేస్తోంది, తండ్రి లోపల రాజు మొండితనాన్ని తిట్టుకుంటున్నాడు, కింగ్‌హార్న్ దారిలో జరిగింది ఇంకా ఎవరికీ తెలియదు. ఆ పిల్ల అతణ్ణి, రేవులో ఆ రోజు నువ్వన్న మాట మళ్లీ ఒకసారి అను, అని అడుగుతుంది. అక్కడినుంచి మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి